అడవి మీద ఎవరూ చల్లని యూరియా: నైట్రోజన్ పెరిగితే కార్బన్ నిల్వ పెరుగుతుందా?

2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం తెలంగాణలో రైతులు తెల్లవారకముందే బారులు తీరారు. గంటల తరబడి నిలబడలేని వాళ్లు తమ వంతుగా చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టారు. అంత తిప్పలుపడి తెచ్చి చల్లిన యూరియాలో ఉండే నైట్రోజన్ సగం కూడా సాధారణంగా పైరుకు అందదు. కొంత నీళ్లతో పాటు భూమిలోకి దిగిపోతుంది, కొంత అమ్మోనియాగా గాల్లోకి లేస్తుంది. గాల్లోకి లేచింది ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఒకచోట కిందికి దిగాల్సిందే. వాహనాల పొగ, థర్మల్ కేంద్రాల పొగ నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా దానితో కలుస్తాయి. వానతోనో దుమ్ముతోనో దిగే ఈ నైట్రోజన్‌లో కొంత అడవుల మీద పడుతుంది. అంటే అడవికి ఎవరూ వేయని ఎరువు ఏటా అందుతోంది.

ఎరువు పడితే చెట్టు పెరుగుతుంది, పెరిగే చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. కాబట్టి ఈ కాలుష్యం వల్ల వాతావరణానికి ఎంతోకొంత మేలే కదా అని కొందరు అంటారు. మరికొందరు, అతిగా యూరియా పడితే వరి ఏమవుతుందో అడవీ అదే అవుతుందని హెచ్చరిస్తారు. ఈ రెండు మాటల వెనకా నలభై ఏళ్లకు దగ్గరగా సాగిన ప్రయోగాలున్నాయి. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఏ మాట ఏ అడవికి, ఎంత మోతాదుకు, ఎన్నేళ్లకు వర్తిస్తుందన్నది చూడాలి.

గాలి నిండా ఉన్నా చెట్టుకు అందని పోషకం

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. దాన్నే పాఠ్యపుస్తకాల్లో నత్రజని అని చదువుకున్నాం. కానీ గాలిలో ఉండే నైట్రోజన్‌లో రెండేసి పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఆ ముడి విప్పడం చెట్ల వల్ల కాదు. ప్రకృతిలో దాన్ని విప్పగలిగేవి ముఖ్యంగా రెండు: మెరుపులు, కొన్ని రకాల బ్యాక్టీరియా.

పచ్చిరొట్ట కోసం వేసిన జీలుగ మొక్కను వేళ్లతో సహా పీకి మట్టి కడిగితే ఆ బ్యాక్టీరియా ఇళ్లు కనిపిస్తాయి. వేళ్ల మీద ఆవగింజలంత, కొన్ని మిరియాలంత బుడిపెలు ఉంటాయి. బాగా పనిచేస్తున్న బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనబడుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన పదార్థం వల్ల వచ్చే రంగు అది. మొక్క చక్కెర ఇస్తుంది, బ్యాక్టీరియా నైట్రోజన్ ఇస్తుంది.

మూడో దారిని మనిషి కనిపెట్టాడు. ఫ్రిట్జ్ హేబర్ 1909లో గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా తయారుచేసి చూపించాడు. కార్ల్ బోష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఓపావులో ఉత్పత్తి మొదలైంది. రామగుండంలో ఇప్పుడు తయారయ్యే యూరియాకూ మూలం అదే పద్ధతి. మొక్కలు వాడుకోగల ఇలాంటి రూపాలన్నిటినీ కలిపి ఇక్కడ 'చురుకైన నైట్రోజన్' అందాం. వాన ద్వారానో గాలి ద్వారానో నేలకు చేరేది 'రాలే నైట్రోజన్'.

పరిశ్రమలు రాకముందు చాలా అడవుల మీద ఏడాదికి హెక్టారుకు కిలో లోపు నైట్రోజనే రాలుతుండేదని అంచనా. యూరప్‌లోనూ తూర్పు అమెరికాలోనూ అది పది కిలోలకు, కొన్నిచోట్ల అంతకన్నా పైకి పోయింది. తూర్పు చైనాలో కొన్ని ప్రాంతాల్లో ముప్పై కిలోలు కూడా దాటింది. ఉపగ్రహాల కంటికి అమ్మోనియా దట్టంగా కనిపించే చోట్లలో మన గంగా మైదానం ముందు వరసలో ఉంది.

వరద, తూము: కార్బన్ నిల్వ అంటే ఏమిటి

చెట్టు కార్బన్‌ను పీల్చుకోవడం ఒకటి, అడవిలో కార్బన్ నిల్వ ఉండటం మరొకటి. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లే వార్తల్లో సగం గందరగోళం పుడుతోంది.

ఒక చెరువును తలుచుకుందాం. వరద నీరు వచ్చి చేరుతుంది, తూము గుండా నీరు బయటికి పోతుంది. అడవికి వరద అంటే ఆకులు ఎండలో తయారుచేసుకునే ఆహారం. తూము అంటే చెట్ల శ్వాస, రాలిన ఆకులు, కొమ్మలు, వేళ్లు కుళ్లి మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా మారడం. చెరువులో మట్టం పెరగాలంటే వరద ఎక్కువ రావాలి, లేదా తూము బిగించాలి. నైట్రోజన్ ఈ రెండు పనులూ చేయగలదు. చాలా అడవుల్లో రెండో పనే ఎక్కువగా చేస్తుందన్నది ఈ పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు వరద సంగతి. పదిమందికి ఇడ్లీ వేయాలి, మినప్పప్పు గ్లాసుడే ఉంది. ఇడ్లీరవ్వ బస్తాడు ఉన్నా లాభం లేదు, పని ఆగేది మినప్పప్పు దగ్గరే. అప్పుడు ఇంకో గ్లాసు మినప్పప్పు దొరికితే ఇడ్లీలు పెరుగుతాయి. ఇంకా ఇంకా తెచ్చి పోస్తే ఈసారి రవ్వ దగ్గర ఆగుతుంది. చెట్టు ఎదుగుదలా అంతే. అన్నిటికన్నా కొరతగా ఉన్నది ఏదో దాని దగ్గరే ఆగుతుంది. స్వీడన్, కెనడా లాంటి చలిదేశాల అడవుల్లో నేల చల్లగా ఉండి ఆకు నిదానంగా కుళ్లుతుంది, అందుకే నైట్రోజన్ కొరత. అక్కడ నైట్రోజన్ వేస్తే చెట్టు పెరుగుతుంది. స్వీడన్‌లో కలప కోసం పెంచే పైన్ అడవులకు హెలికాప్టర్‌తో ఎరువు చల్లే అలవాటు కూడా ఉంది.

కిలో నైట్రోజన్‌కు ఎన్ని కిలోల కార్బన్: ఒక లెక్క

అడవిలోని ఏ భాగంలోనైనా కార్బన్, నైట్రోజన్ ఒక నిష్పత్తిలో ఉంటాయి. కలపలో నైట్రోజన్ చాలా తక్కువ. కిలో నైట్రోజన్ సుమారు 500 కిలోల కార్బన్‌కు సరిపోతుంది. ఆకుల్లో, సన్నవేళ్లలో కిలోకు 25 కిలోలు అనుకోవచ్చు. చలిదేశపు అడవి నేల పైపొరలో సుమారు 30. నేలను బట్టి, చెట్టును బట్టి ఇవి మారుతుంటాయి గానీ లెక్క అర్థం కావడానికి ఇవి చాలు.

ఒక హెక్టారు అడవి మీద ఏడాదికి 10 కిలోల నైట్రోజన్ రాలిందనుకుందాం. అది ఎటు పోయిందన్నదే అసలు ప్రశ్న. 1999లో నేడెల్‌హాఫర్, ఆయన సహచరులు యూరప్, అమెరికాల్లోని తొమ్మిది అడవుల్లో దీన్ని వెతికారు. నైట్రోజన్‌లో కాస్త బరువైన రకం ఒకటి ఉంది, నైట్రోజన్-15 అంటారు. గొర్రెకు రంగు పూసి మందలోకి వదిలినట్టు ఆ రకాన్ని అడవిలో వేసి, ఏ భాగంలో ఎంత తేలిందో కొలిచారు. ఎక్కువ భాగం, సుమారు 70 శాతం, నేలలోనే చిక్కుకుంది. చెట్లకు అందింది 20 శాతం దాకా. వేసిన మొత్తంలో కలపలోకి చేరింది 5 శాతమే.

ఆ వాటాలను మన 10 కిలోలకు వేసి చూద్దాం. కలపలోకి అరకిలో: దాన్ని 500తో గుణిస్తే 250 కిలోల కార్బన్. నేలలోకి 7 కిలోలు: 30తో గుణిస్తే 210. ఆకులు, సన్నవేళ్లకు ఒకటిన్నర కిలో: 25తో గుణిస్తే 38 దాకా వస్తుంది గానీ అవి కొద్దికాలంలోనే రాలిపోతాయి కాబట్టి వదిలేద్దాం. మిగిలిన కిలో వాగులోకో గాలిలోకో పోయింది. మొత్తం 460 కిలోలు. అంటే కిలో నైట్రోజన్‌కు 46 కిలోల కార్బన్.

కలప వాటా దగ్గర ఒక్క క్షణం ఆగండి. అది 5 శాతం బదులు 10 శాతం అయితే జవాబు ఒక్కసారిగా 46 నుంచి 71కి పోతుంది. 1 శాతమే అయితే 26కి పడిపోతుంది. అరకిలో అటూఇటూ కావడానికే ఇంత తేడా. అందుకే ఒక శాస్త్రవేత్త చెప్పిన అంకె ఇంకొకరి అంకెతో కలవకపోవడం వింత కాదు.

వందల కిలోలా, యాభై కిలోలా? ఒక వివాదం

2007లో మాన్యాని బృందం 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. సమశీతోష్ణ, చలి ప్రాంతాల అడవుల్లో కార్బన్ ఎంత చేరుతుందన్నది ప్రధానంగా రాలే నైట్రోజన్ మీదే ఆధారపడి ఉందని అందులో తేల్చారు. ఆ సంబంధాన్ని చూపే గీతను విమర్శకులు లెక్కకట్టి చూస్తే కిలో నైట్రోజన్‌కు వచ్చే కార్బన్ 700 కిలోలు కూడా దాటింది.

పై లెక్క చేసి చూసినవారికి అభ్యంతరం ఎక్కడో వెంటనే తడుతుంది. కిలో నైట్రోజన్ మొత్తం, గ్రాము కూడా పోకుండా, కలపలోకే చేరినా 500 మించదు. మరి 700 ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఆ వ్యాసంలో వానతో దిగే నైట్రోజన్‌నే లెక్కించారు, పొడిగా దిగేది కలపలేదని ఒక విమర్శ. నైట్రోజన్ ఎక్కువ రాలే ప్రాంతాలు సాధారణంగా వెచ్చగా కూడా ఉంటాయి, ఆ వెచ్చదనం వల్ల వచ్చిన ఎదుగుదల కూడా నైట్రోజన్ ఖాతాలో పడిందని రెండో విమర్శ. సట్టన్ బృందం 2008లో మళ్లీ లెక్కించి, 50 నుంచి 75 మధ్యలో ఉండొచ్చంది.

మాన్యాని పక్షాన చెప్పుకోవాల్సిన మాటా ఒకటుంది. ప్రయోగాల్లో ఎరువును నేల మీద, ఏడాదికి సరిపడా కొద్ది విడతల్లో వేస్తారు. నిజంగా రాలేది మాత్రం ఏడాది పొడవునా చిటికెడు చిటికెడు, అదీ ముందు ఆకుల మీద పడుతుంది. ఆకు నేరుగా పీల్చుకునే నైట్రోజన్ నేలలోని సూక్ష్మజీవుల చేతికి చిక్కదు. కాబట్టి నేల మీద వేసే ప్రయోగాలు అసలు ప్రభావాన్ని తక్కువ చేసి చూపుతుండవచ్చు. ఇది తీసిపారేయదగ్గ వాదన కాదు. చైనాలో హెనాన్‌లోని జిగోంగ్‌షాన్, గ్వాంగ్‌డాంగ్‌లోని షిమెంటాయ్ అడవుల్లో 2013 నుంచి చెట్ల తలల మీదుగా నైట్రోజన్ చల్లుతూ చేస్తున్న ప్రయోగాలు ఈ ప్రశ్న కోసమే.

2010లో క్విన్ థామస్ బృందం ప్రయోగాలు పక్కనబెట్టి, అమెరికా ఈశాన్య, ఉత్తర మధ్య రాష్ట్రాల్లో అటవీ శాఖ కొలిచిన చెట్ల రికార్డులను తిరగేసింది. కిలోకు 61 కిలోల కార్బన్ నేలపైన చెట్లలో చేరిందని తేలింది. నాకు ఆ అంకె కన్నా దాని వెనకున్న వివరం విలువైనదనిపిస్తుంది. 24 జాతుల్లో 11 జాతుల ఎదుగుదల నైట్రోజన్‌తో పాటు పెరిగింది. మూడు జాతులు తగ్గాయి, మూడూ ఏడాదంతా పచ్చగా ఉండే సూదాకు చెట్లే. మిగిలిన వాటిలో స్పష్టమైన మార్పు లేదు. అంటే ఒకే వాన కింద పక్కపక్కన నిలబడ్డ చెట్లలో ఒకదానికి అది ఎరువు, ఇంకోదానికి చేటు.

ఎకరాకు ఒక బస్తా, ఎకరాకు మూడు బస్తాలు

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1988లో ఒక ప్రయోగం మొదలైంది. ఒకపక్క మనుషులు నాటిన రెడ్ పైన్ తోట, ఇంకోపక్క ఓక్ లాంటి ఆకురాల్చే చెట్ల అడవి. వాటిలో కొన్ని మళ్లకు ఏమీ వేయలేదు, కొన్నిటికి హెక్టారుకు ఏడాదికి 50 కిలోల నైట్రోజన్, కొన్నిటికి 150 కిలోలు.

ఈ మోతాదులు మన రైతుకు అర్థమయ్యే కొలతలో ఎంత? యూరియా బస్తా 45 కిలోలు, అందులో నైట్రోజన్ 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. హెక్టారంటే రెండున్నర ఎకరాలు. హెక్టారుకు 50 కిలోలంటే ఎకరాకు సుమారు ఒక బస్తా, 150 అంటే మూడు బస్తాలు. వాళ్లు వాడింది యూరియా కాదు, అమ్మోనియం నైట్రేట్. దాన్ని నీళ్లలో కలిపి, మనవాళ్లు మందు కొట్టినట్టే వీపున పంపు తగిలించుకుని, ఎదిగే కాలంలో నెలనెలా చల్లారు. ఆ ప్రాంతంలో గాలి నుంచి రాలేదాంతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు. కావాలనే అంత వేశారు, దశాబ్దాల తర్వాత జరగబోయేదాన్ని ముందే చూడటానికి.

ఆకురాల్చే అడవిలో ఎదుగుదల పెరిగింది. పైన్ తోటలో ఎక్కువ మోతాదు పడిన చోట కథ తిరగబడింది. ఎదుగుదల మందగించింది, 2000 దాటాక చెట్లు పెద్ద సంఖ్యలో ఎండిపోయాయి. ఇలాంటి దశ వస్తుందని 1989లోనే జాన్ ఏబర్, ఆయన సహచరులు రాశారు. అడవి వాడుకోగలిగే దానికన్నా ఎక్కువ నైట్రోజన్ చేరినప్పుడు వచ్చే ఆ స్థితిని 'నైట్రోజన్ సంతృప్తత' అంటారు. తేలికమాటలో చెప్పాలంటే కడుపు నిండిపోవడం.

కడుపు నిండాక ఏం జరుగుతుంది? మిగిలిన నైట్రోజన్ నైట్రేట్‌గా మారి వాగుల్లోకి కారుతుంది. ఒంటరిగా పోదు, వేళ్లకు కావలసిన కాల్షియం, మెగ్నీషియంలను కూడా లాక్కుపోతుంది. నేలలో ఆమ్లం పెరుగుతుంది, అంతవరకూ మట్టిలో బిగుసుకుని ఉన్న అల్యూమినియం కరిగి వేళ్లకు తగులుతుంది. ఆకులో నైట్రోజన్ ఎక్కువై, తోడుండాల్సినవి తక్కువై చెట్టు బలహీనపడుతుంది. అతిగా యూరియా వేసిన వరి ముదురాకుపచ్చగా నిగనిగలాడి, గాలివానకు పడిపోవడం, సుడిదోమకు విందు కావడం చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

గడ్డిని కుళ్లించే యూరియా ఆకును ఎందుకు కుళ్లనివ్వదు?

అదే ప్రయోగంలో నేల తవ్వి చూస్తే ఎదురుచూడనిది కనబడింది. రెండు దశాబ్దాల తర్వాత కొలిస్తే, నైట్రోజన్ వేసిన మళ్లలో నేల కార్బన్ పెరిగింది. పైనుంచి రాలే ఆకు పెరిగినందువల్ల కాదు, రాలినది నిదానంగా కుళ్లడం వల్ల. ఇందాక చెప్పిన చెరువు భాషలో, తూము బిగుసుకుంది. సెరిటా ఫ్రే బృందం 2014లో ఈ ఫలితాలు ప్రచురించింది. మిషిగన్‌లో మేపుల్ చెట్ల అడవుల్లో 1994 నుంచి హెక్టారుకు 30 కిలోల చొప్పున వేసిన ప్రయోగంలోనూ ఇలాగే నేల కార్బన్ పెరిగింది.

ఇది మన అనుభవానికి అడ్డంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కంపోస్టు గుంతలో గడ్డి తొందరగా కుళ్లాలని యూరియా చల్లుతాం కదా? అక్కడ కుళ్లబెట్టేది అడవిలో ఆపేది ఎలా అవుతుంది?

జవాబు దేన్ని కుళ్లబెడుతున్నాం అన్నదాన్లో ఉంది. అడవిలో ఎండుటాకుల పొరను చేత్తో పక్కకు జరిపితే, కింద తడిగా ఉన్న ఆకుల మధ్య తెల్లటి దారాలు అల్లుకుని కనిపిస్తాయి. అవి శిలీంధ్రాల పోగులు, అంటే పుట్టగొడుగుల అసలు ఒళ్లు. ఆ దారాలు పట్టిన ఆకు కొన్నిచోట్ల వెలిసిపోయి, ఈనెలు మాత్రమే మిగిలిన జల్లెడలా ఉంటుంది. ఆకులోని మెత్తని పదార్థాన్ని తినగలిగే సూక్ష్మజీవులు చాలానే ఉన్నాయి. చెక్కకు, ఈనెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను తినగలిగేవి తక్కువ. ఆ పనిలో ఈ తెల్లదారాల జాతులు ఆరితేరినవి.

లిగ్నిన్ అరిగించుకోవడం ఖర్చుతో కూడుకున్న పని. ఆ శ్రమ పడేది, దాని మధ్యలో చిక్కుకుపోయిన కాస్త నైట్రోజన్ కోసం కూడా అని ఒక వివరణ. నైట్రోజన్ పైనుంచి ఉచితంగా పడుతుంటే ఆ శ్రమ ఎందుకు? లిగ్నిన్‌ను కోసే ఎంజైములు తగ్గుతాయి, శిలీంధ్రాలూ తగ్గుతాయి. వరిగడ్డిలో లిగ్నిన్ తక్కువ, అక్కడ కొరత నైట్రోజన్‌దే, అందుకే యూరియా వేస్తే కుళ్లడం వేగం పుంజుకుంటుంది. అడవిలో కూడా అప్పుడే రాలిన లేతాకు మొదట్లో నైట్రోజన్ వల్ల వేగంగానే కుళ్లవచ్చు. ఆగిపోయేది చివరి దశలో, లిగ్నిన్ మిగిలాక.

దీనికి ఇంకో కోణమూ ఉంది. చెట్టు తన సంపాదనలో పెద్ద వాటా వేళ్లకూ, వేళ్లను అంటిపెట్టుకుని పోషకాలు వెతికిపెట్టే శిలీంధ్రాలకూ పంపుతుంది. ఎంత పెద్ద వాటా? 2000లో ఉత్తర స్వీడన్‌లో హాగ్‌బెరి బృందం పైన్ చెట్ల బెరడును చుట్టూ ఒలిచి, ఆకుల నుంచి వేళ్లకు చక్కెర పోయే దారి తెంచింది. రెండు నెలల్లోపే నేల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ సగానికి పైగా పడిపోయింది. నైట్రోజన్ ఎదురుగా దొరుకుతున్నప్పుడు చెట్టు ఆ కూలీలకిచ్చే వాటా తగ్గించి, మిగిలింది కలపకు మళ్లించగలదు. అలా కలప పెరుగుతుంది, నేల శ్వాస తగ్గుతుంది. కానీ కరువొచ్చి నీళ్లు, భాస్వరం వెతకాల్సి వచ్చినప్పుడు ఆ కూలీలు ఉండరు.

ఈ నేల కార్బన్‌ను లాభంగా రాసుకోవాలా? నిల్వ నిల్వే, గాలిలో లేనంతవరకూ వాతావరణానికి మేలే అన్నది ఒక అభిప్రాయం, అంకెల వరకు అది సరైనదే. అడవి ఆరోగ్యంగా పెరిగి పోగేసిన కార్బన్, అరుగుదల మందగించి పేరుకున్న కార్బన్ ఒకటి కావన్నది రెండో అభిప్రాయం. నేను రెండోదాని వైపే మొగ్గుతాను. ఎందుకంటే కుళ్లడమంటే తర్వాతి ఆకుకు కావలసిన పోషకాలు తిరిగి చేతికి రావడం కూడా.

వెచ్చని అడవుల్లో లెక్క మారుతుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చలిదేశాల సంగతులు. భూమధ్యరేఖ చుట్టుపక్కల తేమ అడవుల్లో నేలలు చాలా పాతవి. లక్షల ఏళ్లుగా వానలు కడిగేయడంతో రాతి నుంచి వచ్చే భాస్వరం అడుగంటింది. నైట్రోజన్ మాత్రం బ్యాక్టీరియా పుణ్యమా అని సమృద్ధిగానే ఉంది. ఇడ్లీ లెక్కలో ఇక్కడ మినప్పప్పు స్థానంలో ఉన్నది భాస్వరం. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర చేసిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. భాస్వరం వేస్తే అడవి ఉత్పత్తి పెరిగింది, నైట్రోజన్ వేస్తే పెరగలేదు.

దక్షిణ చైనాలోని డింగ్‌హుషాన్ అడవిలో 2003 నుంచి నైట్రోజన్ వేస్తున్నారు. అప్పటికే నైట్రోజన్ నిండుగా ఉన్న ఆ ముదురు అడవిలో చెట్లు ప్రత్యేకంగా పెరగలేదు. నేల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ తగ్గి, నేల కార్బన్ పెరిగింది. ఇక్కడా పనిచేసింది తూమే.

మన నల్లమల, శేషాచలం లాంటి పొడి అడవులు మరో రకం. ఏడాదిలో సగం రోజులు వాటికి మొదటి కొరత నీళ్లదే. నీళ్లు లేని నెలల్లో ఎంత నైట్రోజన్ రాలినా చెట్టు అందుకోలేదు. పైగా ఎండాకాలం మంటలొచ్చినప్పుడు ఎండుటాకులోని నైట్రోజన్ చాలావరకు వాయువుగా లేచిపోతుంది, భాస్వరం ఎక్కువభాగం బూడిదలో మిగులుతుంది. కాబట్టి మసాచుసెట్స్ అంకెను తెచ్చి నల్లమలకు అంటించడం, నెల్లూరు మాగాణికి ఇచ్చిన సిఫార్సును అనంతపురం చెలకలో అమలు చేయడం లాంటిది.

ఖాతాలో రెండోవైపు రాయాల్సినవి

నేలలో మిగిలిన నైట్రోజన్‌లో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు. మన 10 కిలోల ఉదాహరణకే వద్దాం. అందులో 1 శాతం, అంటే 100 గ్రాముల నైట్రోజన్, ఇలా పోయిందనుకుంటే 157 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. 273తో గుణిస్తే 43 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. లాభం వైపున్న 460 కిలోల కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారిస్తే దాదాపు 1,690 కిలోలు. పోలిస్తే నష్టం చిన్నదే.

ఇప్పుడు కడుపు నిండిన అడవిని ఊహించుకుందాం. కలపలోకి 1 శాతమే చేరింది: 50 కిలోల కార్బన్. నేలలో 40 శాతం నిలిచింది, అక్కడ నిష్పత్తి 15 అనుకుంటే 60. మొత్తం 110, కార్బన్ డయాక్సైడ్‌గా 400 కిలోలు. నైట్రస్ ఆక్సైడ్‌గా పోయేది 5 శాతానికి పెరిగితే 215 కిలోల నష్టం. లాభంలో సగానికి పైగా తుడిచిపెట్టుకుపోయింది. అడవి అదే విస్తీర్ణం, రాలిన నైట్రోజనూ అంతే.

దీనికి తోడు అడవి నేలలో మీథేన్‌ను తినే బ్యాక్టీరియా ఉంటుంది. నైట్రోజన్ ఎరువు పడితే అది తినడం తగ్గుతుందని హార్వర్డ్ ఫారెస్ట్ నుంచే 1989లో తేలింది. ఇక వాగుల్లోకి దిగిన నైట్రేట్, చెట్ల కింద అణగారిపోయే చిన్నచిన్న మొక్కలు కార్బన్ లెక్కల్లో కనపడవు. నెదర్లాండ్స్‌లో 2019లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఇచ్చిన ఒక తీర్పుతో వేల నిర్మాణాలు, పశువుల షెడ్ల అనుమతులు నిలిచిపోయాయి. అక్కడ చర్చంతా రక్షిత ప్రాంతాల మీద రాలే నైట్రోజన్ గురించే. ఆ న్యాయమూర్తుల ముందున్న ప్రశ్న ఆ చోట్ల బతికే జీవాలదే.

ఎరువు ఆగిపోతే, ఎరువు అడవే తయారుచేసుకుంటే

వాహనాలు, విద్యుత్ కేంద్రాల మీద ఆంక్షల వల్ల యూరప్‌లో, అమెరికాలో రాలే నైట్రోజన్ కొన్ని దశాబ్దాలుగా తగ్గుతోంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినకొద్దీ చెట్లకు నైట్రోజన్ అవసరం కూడా పెరుగుతుంది. ఈ రెండూ కలిసి, చాలాచోట్ల అడవుల్లో నైట్రోజన్ ఇప్పుడు కొరతగా మారుతోందని 2022లో 'సైన్స్' పత్రికలో మేసన్ బృందం ఆధారాలు పోగుచేసి చూపింది. రాబోయే దశాబ్దాల్లో అడవులు ఎంత కార్బన్ పీల్చుకుంటాయో చెప్పే అంచనాలు దీన్ని కూడా కలుపుకోవాలి. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిల్వ సాధిస్తామని మన దేశం 2015లో మాటిచ్చింది. ఆ చెట్లకు నైట్రోజన్ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న అందులో దాగుంది.

పనామాలో పశువుల మేత కోసం నరికేసి తర్వాత వదిలేసిన భూముల్లో మళ్లీ పుట్టుకొస్తున్న అడవుల్ని సారా బాటర్‌మన్ బృందం పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. మొదటి పన్నెండేళ్లలో ఆ లేత అడవికి కావలసిన నైట్రోజన్‌లో సగానికి పైగా ఇచ్చింది వేళ్ల మీద బుడిపెలున్న చెట్లే. మన తుమ్మ, కానుగ, సుబాబుల్ కూడా అలాంటి చెట్లుండే చిక్కుడు కుటుంబంలోవే. జీలుగ కూడా. అడవి ముదిరి నేలలో నైట్రోజన్ చేరాక, ఆ చెట్లు బ్యాక్టీరియాకిచ్చే చక్కెర తగ్గించేస్తాయి. పనామాలోని ముదురు అడవుల్లో అదే కుటుంబం చెట్టు వేళ్లు తవ్వి చూస్తే చాలాసార్లు బుడిపెలు దొరకవు.